ఇరవై ఒక్క రోజుల అంతర్జాతీయం

నేను వియత్నాంలో ఉన్నది మొత్తం ఏడు రోజులు. అందులో ఒక రోజు కడుపు నొప్పితో హోటలు గదిలోనే పడుకున్నాను. మిగిలిన ఆరు రోజుల వల్ల మా కొత్తరేవు సాహిత్యానికీ నాటకానికీ ఇంత కదలిక వస్తుందని తెలిస్తే, ఆ ఒక్క రోజు కూడా ఓపిక చేసుకుని బయట తిరిగేదాన్ని.

నా పేరు మట్టపర్తి సుభాషిణి. ముప్పై ఒక్క ఏళ్లు టెలిఫోను ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేసి రిటైరయ్యాను. పాత ఆపరేటర్లం పన్నెండు మందిమి కూడబలుక్కుని ఈ ప్రయాణం పెట్టుకున్నాం. మావారు రాలేదు. కరెంటాఫీసులో లైన్‌మన్‌గా పాతికేళ్లు స్తంభాలెక్కిన మనిషి, విమానం మాత్రం ఎక్కనన్నారు. "స్తంభమైతే కింద నేలలో పాతి ఉంటుంది. దానికేముంది?" అని అడిగారు.

నాకు ఇంకో ఉద్యోగం కూడా ఉంది. దానికి రిటైర్మెంటు లేదు. మా ఊరి నాటక సమాజంలో నేను ప్రాంప్టర్ని. పక్క తెర చాటున నిలబడి, నటుడు మాట మరిచిపోతే అందిస్తాను. హాల్లో ఎవరికీ వినపడకుండా ఒక్క చెవికి మాత్రమే మాట చేరవేయడం ఎక్స్ఛేంజిలో నేర్చుకున్న విద్యే. సమాజానికి పెద్ద పేపకాయల సూరిబాబుగారు. డెబ్బై రెండేళ్లవాడు, బస్సు కండక్టరుగా చేశాడు. రాజు వేషం వేస్తే రాజు, బంట్రోతు వేస్తే బంట్రోతు. నిరుడు తలలో నరమేదో చిట్లి పది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. కాలూ చెయ్యీ బాగానే వచ్చాయి గానీ మాటలు మాత్రం అప్పుడప్పుడు జారిపోతున్నాయి.

"నాటకం అంతా లోపలే ఉంది చెల్లెమ్మా. తలుపు ఎక్కడుందో తెలీడం లేదు. నువ్వు మొదటి మాట అందించావనుకో, మిగతాది అదే దొర్లుకుంటా వచ్చేత్తది" అనేవాడు.

కొత్త నాటకం పేరు ట్రంకుపెట్టె. ఊరందరి తాళాలూ తీసిపెట్టే ముసలాయన, చనిపోయిన భార్య ట్రంకుపెట్టె తాళం తీయడానికి మనసొప్పక దానితో ఏడాదిగా మాట్లాడుతుంటాడు. అంతే కథ. వేదిక మీద ఒకడే మనిషి, ఒకటే పెట్టె. ఇదే తన ఆఖరి నాటకమని సూరిబాబుగారు అందరికీ చెప్పేశాడు. అందుకే తిరిగొచ్చిన మర్నాడే, ఒళ్లు నొప్పులు కూడా తీరకుండా, రిహార్సలుకని పురమందిరానికి వెళ్లాను.

పురమందిరానికి తాళం వేసి ఉంది. మెట్ల మీద సూరిబాబుగారు కూర్చుని ఉన్నాడు.

"నువ్వెల్లిన రెండో రోజే ఆర్డరొచ్చింది" అంటూ జేబులోంచి కాగితం తీశాడు.

ప్రాంతీయ కళాసాహిత్య స్థాయీకరణ సంస్థ వారి ఉత్తర్వు అది. అందులో ఇలా ఉంది: "స్థానిక స్థాయి కార్యక్రమముల నిర్వహణ వలన పట్టణము యొక్క స్థాయి నానాటికి దిగజారుచున్నట్లు గమనించడమైనది. కావున ఇకపై పురమందిరమును అంతర్జాతీయ స్థాయి కార్యక్రమములకు మాత్రమే కేటాయించవలెను. అంతర్జాతీయమనగా, విదేశము నుండి విచ్చేసిన కనీసము ఒక ప్రతినిధి వేదికపై ఆసీనులైయున్న కార్యక్రమము."

మా ఊళ్లో ఉన్నది ఆ ఒక్క హాలే. మా ఊరికి విదేశీయులు వచ్చిన చివరి సందర్భం, డచ్చివాళ్ల పడవ ఒకటి దారి తప్పి వచ్చినప్పుడట. దానికి మూడు వందల ఏళ్లు దాటింది.

ఇద్దరం కలిసి స్థాయీకరణ సంస్థ ఉపసంచాలకులు ముదునూరి గారి దగ్గరికి వెళ్లాం. ఆయన ఫైలు లోంచి తలెత్తకుండానే, "స్థాయి విషయంలో రాజీ లేదు" అన్నారు.

"అది కాదండి బాబూ. ఈవిడ ఊళ్లో లేకపోబట్టి గాని మేం ముందే వచ్చేవాళ్లం. నిన్ననే వియత్నాం నుంచి దిగింది" అని సూరిబాబుగారు మాటవరసకి చెప్పాడు.

ముదునూరి గారు తలెత్తారు. తర్వాత లేచి నిలబడ్డారు.

"విచ్చేశారా?" అని నన్నడిగారు.

"వచ్చానండి" అన్నాను.

"రావడం వేరు, విచ్చేయడం వేరు. పాస్‌పోర్టులో ముద్ర ఉన్నదా?"

సంచిలో ఉన్న పాస్‌పోర్టు తీసి ఇచ్చాను. ఆయన కళ్లద్దాలు మార్చుకుని, ముద్రని వెలుగులో పెట్టి చూసి, వేలితో తడిమి, నాకు కుర్చీ వేయించారు. సూరిబాబుగారికి వేయించలేదు. ఆయన స్థానికుడు.

"నేను ఈ ఊరిదాన్నే కదండీ. నీళ్ల ట్యాంకు పక్క సందులో మా ఇల్లు" అన్నాను. ఎందుకైనా మంచిదని.

"ప్రతినిధి ఎక్కడివారై ఉండవలెనో నిబంధనలో లేదు. ఎక్కడి నుండి విచ్చేయవలెనో మాత్రమే ఉన్నది. అయితే ఒక్క విషయం. ముద్ర పడిన నాటి నుండి ఇరవై ఒక్క రోజులు మాత్రమే అంతర్జాతీయత అమలులో ఉండును."

"ఎందుకండీ?"

"తాజాదనం దృష్ట్యా" అన్నారు ఆయన.

కొత్త రిజిస్టరు తెరిచి నన్ను అంతర్జాతీయ ప్రతినిధి నంబరు ఒకటిగా నమోదు చేసుకున్నారు. వచ్చే నెల ఆడదామనుకున్న ట్రంకుపెట్టెని నా ఇరవయ్యో రోజుకి జరిపారు. బయటికొచ్చాక సూరిబాబుగారు మెట్ల మీదే నా చేతులు పట్టుకున్నాడు. "నువ్వు ఆ దేశం ఎల్లడం ఎంత పనికొచ్చింది చెల్లెమ్మా!" అన్నాడు. నాకూ సంతోషమే అనిపించింది. తెచ్చిన జీడిపప్పు పొట్లం ఆయనకిచ్చి ఇంటికెళ్లాను.

అరుగు మీద తొమ్మిది మంది కూర్చుని ఉన్నారు. మావారు వాళ్లకి మంచినీళ్లు అందిస్తున్నారు.

మా ఊళ్లో కవులు ఇంతమంది ఉన్నారని నాకు ఆరోజే తెలిసింది. హాలుకి తాళం పడ్డంతో వాళ్ల పుస్తకాలన్నీ అచ్చయి, ఆవిష్కరణ లేక, పెళ్లి కాని పిల్లల్లా ఇళ్లల్లో ఉండిపోయాయి. అందరికీ నా ఇరవై ఒక్క రోజుల్లోనే ముహూర్తం కావాలి. ఒకాయన ఏకంగా నా పాస్‌పోర్టు ముద్ర ఫోటో తీసుకుని, తన ఆహ్వానపత్రిక మీద దేవుడి బొమ్మ ఉండే చోట అచ్చు వేయించుకుంటానన్నాడు.

మొదటి వారంలో పదకొండు పుస్తకాలు ఆవిష్కరించాను. రెండో వారంలో ఆవిష్కరణలతో పాటు అంతర్జాతీయ కవి సమ్మేళనం, అంతర్జాతీయ బాలల కథల పోటీ, అంతర్జాతీయ పద్య పఠన పోటీ జరిగాయి. పోటీల్లో పాల్గొన్నవాళ్లందరూ మా మూడు వీధులవాళ్లే. నేను వియత్నాంలో ఉండగా పోయిన ఒక హరికథకుడి సంతాప సభ హాలు దొరక్క ఆగిపోయి ఉంటే, దాన్నీ అంతర్జాతీయ సంతాప సభగా జరిపారు. నేను ఆయన్ని ఒక్కసారి కూడా చూడలేదు. అయినా రెండు నిమిషాలు లేచి నిలబడ్డాను. సభ అయ్యాక ఆయన కోడలు నా దగ్గరికి వచ్చి, "మా మావయ్యగారు బతికుండగా పక్క మండలం దాటలేదండి. మీ దయవల్ల సంతాపం మాత్రం బాగా దూరం ఎల్లింది" అంది. ఆవిడ నిజంగానే ఏడుస్తోంది.

ఒక సదస్సులో నా చేత ప్రసంగం కూడా చేయించారు. విషయం "వియత్నాం, తెలుగు నాటకరంగాల పరస్పర ప్రభావం: ఒక విహంగ వీక్షణం." విమానంలో కిటికీ పక్క సీటు నాది కాదు కాబట్టి విహంగ వీక్షణం చేయలేదని చెప్పాను. అందరూ చమత్కారం అనుకుని చప్పట్లు కొట్టారు. చూసిందే చెప్పాను. "అక్కడ నీళ్లలో బొమ్మలాట ఆడతారండి. నడుంలోతు నీళ్లలో, తడిక వెనక నిలబడి కర్రలతో ఆడిస్తారు. మాటలు పక్కన కూర్చున్న వేరేవాళ్లు చెబుతారు. వాళ్ల భాష ఒక్క ముక్క నాకు రాదు. అయినా ఎలక దాక్కుంటే నవ్వొచ్చింది" అన్నాను. మర్నాడు స్థానిక పత్రికలో "జలాంతర్గత రంగస్థల సిద్ధాంతాన్ని ఆవిష్కరించిన ప్రతినిధి" అని పడింది. మావారు ఆ కాగితాన్ని కత్తిరించి గోడకి అంటించారు. కూరలో ఉప్పు తగ్గితే, "స్థానికులకి కొంచెం ఉప్పు ఎక్కువుండాలండి" అనడం కూడా మొదలుపెట్టారు.

నా మీద భారం తగ్గిద్దామని తాడి ఈశ్వరుడనే కవిగారు మూడు రోజులు రైల్లో, ఒక రోజు బస్సులో ప్రయాణం చేసి నేపాలు వెళ్లొచ్చారు. పాపం, అక్కడికి మనకి పాస్‌పోర్టు అక్కర్లేదు, ముద్రా వేయరు. రుద్రాక్షమాల చూపించారు, మంచుకొండ ముందు తీయించుకున్న ఫోటో చూపించారు. ముదునూరి గారు రెండూ పరిశీలించి, "నేపాలు విదేశమే. కాని ముద్ర లేనిదే ఆగమనము నిరూపితము కాదు. మిమ్మల్ని జాతీయ స్థాయి, ఎత్తైన ప్రాంతము, అని పరిగణించగలము" అన్నారు. జాతీయ స్థాయికి హాలు లేదు.

ఈ సందట్లో నేను రిహార్సళ్లకి వెళ్లలేకపోయాను. పొద్దున ఆవిష్కరణ, మధ్యాహ్నం సదస్సు, సాయంత్రం సన్మానం. సూరిబాబుగారు తన ఇంటి వెనక రేకుల షెడ్డులో ఒక్కడే సాధన చేసుకుంటున్నాడు. నాటకం రాసిన మాస్టారు ఆఖరి రంగం మార్చారని, కొత్త కాగితాలు నాలుగు వచ్చాయని కబురు తెలిసింది. వాటిని చూడ్డానికి కూడా నాకు తీరలేదు. నాటకం రోజు పక్క తెర చాటున పుస్తకం చేతిలో ఉంటుంది కదా, చూసి అందిస్తాలే అనుకున్నాను.

పద్దెనిమిదో రోజున ముదునూరి గారు స్వయంగా మా ఇంటికి వచ్చి, ఏర్పాట్ల పత్రం ఇచ్చారు. వేదికకి ఎడమవైపు ప్రతినిధికి ఎర్ర ముఖమల్ కుర్చీ, ముందు మైకు, బల్ల మీద పూలగుత్తి. ప్రదర్శన ఆద్యంతం ప్రతినిధి అక్కడే ఉండాలి.

"ఆద్యంతం అంటే? నేను పక్క తెర చాటున ఉండాలండి. నేనేగా ప్రాంప్టర్ని" అన్నాను.

"ప్రాంప్టరు స్థానిక హోదా. ప్రతినిధి అంతర్జాతీయ హోదా. ఒకే వ్యక్తి ఏకకాలమున రెండు హోదాలలో ఉండుటకు వీలు లేదు. పైగా ప్రతినిధి ఎల్లవేళలా దర్శనీయముగా ఉండవలెను. పావుగంటకొక ఫోటో పై ఆఫీసుకి పంపాలి మేము."

"ఆయనకి మాట అందకపోతే ఆగిపోతాడండి. మొన్నే జబ్బుపడి లేచాడు. ఇది ఆయన ఆఖరి నాటకం."

ముదునూరి గారి మొహం కొంచెం మెత్తబడింది. మనిషి చెడ్డవాడు కాదు. "నాకూ తెలుసమ్మా. ఆయన కృష్ణుడు వేషం వేసినప్పుడు నేను స్కూల్లో చదువుకుంటున్నాను. గోడెక్కి చూశాను" అని, పత్రం మీద వేలు పెట్టి, "కాని ఆ కృష్ణుడు స్థానిక స్థాయి" అన్నారు.

ఇక దారి లేక మావారిని ప్రాంప్టరుగా పెట్టుకుని చూశాం. ఆయన మొదటి పేజీ చదివేసరికి సూరిబాబుగారు చేతులెత్తేశాడు. "బావగారూ, మీరు అందిస్తంటే డైలాగులా లేదండి. కరెంటు తీసేత్తాం అని నోటీసు ఇచ్చినట్టుంది" అన్నాడు. అంటూనే నవ్వాడు గానీ, గ్లాసులో మంచినీళ్లు ముట్టుకోకుండానే లేచాడు. వెళ్లేటప్పుడు గుమ్మంలో ఆగి, "మానేద్దామా చెల్లెమ్మా? జనం ముందు నోరు తెరుచుకుని నిలబడిపోడం కన్నా అదే నయమేమో" అన్నాడు.

"మానొద్దన్నయ్యగారూ. పాత రంగాలన్నీ నాకు కంఠతా వచ్చు. మీరు మాట్లాడుతూ నా వైపు తిరగండి. కుర్చీలోంచే ఎలాగో అందిస్తాను" అన్నాను. ఎలాగో నాకు తెలియదు.

ఇరవయ్యో రోజు సాయంత్రం హాలు నిండిపోయింది. గోడల వెంబడి కూడా జనం నిలబడ్డారు. ముఖమల్ కుర్చీలో, శాలువా కప్పుకుని, పెళ్లికూతుర్లా నన్ను కూర్చోబెట్టారు. తెర లేచింది. వేదిక మధ్యలో ట్రంకుపెట్టె, దాని పక్కన మాసిన బనీనుతో సూరిబాబుగారు. మొదటి పది నిమిషాలు హాయిగా నడిచింది. తర్వాత ఆయన మాట మధ్యలో ఆగిపోయింది. కళ్లు నా వైపు తిరిగాయి.

శాలువా నోటికి అడ్డం పెట్టుకుని, ఎక్స్ఛేంజి గొంతుతో మెల్లగా, "తాళం నాది కాదు" అన్నాను.

అంతర్జాతీయ ప్రతినిధి మైకు కట్టేయకూడదని నిబంధన ఉందట. నా మాట హాలంతా, బయట రోడ్డు మీద కట్టిన స్పీకరుతో సహా, మారుమోగింది.

జనం గొల్లుమన్నారు. నాకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది. సూరిబాబుగారు మాత్రం నవ్వలేదు. ఒక్క క్షణం నన్నే చూసి, పెట్టె వైపు తిరిగి, దాని మీద చెయ్యి వేశాడు. "నీది కాదా? నీది కాకపోతే ఎవరిదే మరి?" అన్నాడు. పుస్తకంలో ఆ మాట లేదు.

నవ్వు ఆగిపోయింది. నేను చచ్చిపోయిన భార్యనైపోయానని నాకప్పుడు అర్థమైంది.

అక్కణ్ణుంచి ఆయన మరిచిపోయినప్పుడల్లా నేను అందించాను, దాచుకోకుండా, మైకులోనే. ఆయన నాతో గొడవపడ్డాడు, బతిమాలాడు, "ఆగవే, నన్ను చెప్పనీ" అని కసిరాడు. కొన్ని చోట్ల మాట గుర్తుండి కూడా ఆగాడని నా అనుమానం. పావుగంటకోసారి సంస్థ ఫోటోగ్రాఫరు వేదిక ఎక్కి నన్ను ఫోటో తీసి దిగిపోతున్నాడు. జనం అతన్ని కూడా పట్టించుకోలేదు.

అలా ఆఖరి రంగం దాకా వచ్చాం. ఆయన పనిముట్లు తీసి పెట్టె ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తాళం పట్టుకున్నాడు. ఆగిపోయాడు.

"తర్వాతేటే?" అన్నాడు నా వైపు తిరిగి.

అది మారిన రంగం. నేను చదవని నాలుగు కాగితాలు. ఎదుటి పక్క తెర వైపు చూశాను. అవసరానికి ఉంటారని పుస్తకమిచ్చి అక్కడ నిలబెట్టిన మావారు దాన్ని చంకలో పెట్టుకుని, నోరు తెరుచుకుని నాటకం చూస్తున్నారు. చెయ్యి ఊపాను. ఆయన కూడా ఊపారు.

ప్రాంప్టరుగా ముప్పై ఏళ్లలో ఎప్పుడూ అనని మాట అన్నాను. "నాకు తెలీదు."

సూరిబాబుగారి మొహంలో భయం కనిపించింది. తర్వాత అది మెల్లగా వదిలిపోయింది.

"నీకూ తెలీదా?" అన్నాడు. "ఇన్నేళ్లు నా తప్పులన్నీ దిద్దుకుంటా వచ్చావు, నీకూ తెలీదా! ఓసి పిచ్చిదానా. మరి నేనెందుకే ఇంత బెంగెట్టుకున్నాను?" చేతిలోని పనిముట్లు ఒక్కొక్కటే కింద పెట్టాడు. పెట్టెకి వీపు ఆనించి, కాళ్లు బారజాపుకుని కూర్చున్నాడు. "ఉండనీలే. కాసేపు ఇట్టా కూర్చుందాం."

తెర దించేవాడికి దించాలని చాలాసేపు తోచలేదు.

తర్వాత నేపథ్యంలో రంగు తుడుచుకుంటూ సూరిబాబుగారు చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. "నువ్వు తెలీదన్నావు చూడు, అప్పుడు పోయింది చెల్లెమ్మా భయం. మర్చిపోయినోణ్ణి నేనొక్కణ్ణే కాదనిపించింది. ఇది ఆఖర్ది కాదు. ఇంకోటి ఆడతాను" అన్నాడు. నాటకం రాసిన మాస్టారు కూడా వచ్చి, తను రాసిన ముగింపు ఇదేనని అందరికీ చెప్పుకోవచ్చా అని అడిగారు. చెప్పుకోమన్నాం.

ఇరవై రెండో రోజు పొద్దున్నే స్థాయీకరణ సంస్థ నుంచి రెండు కాగితాలు వచ్చాయి. మొదటిది నాకు. "మీ అంతర్జాతీయత నిన్నటితో ముగిసినది. ఇకపై మీరు స్థానికులుగా ప్రవర్తించవలసినదిగా కోరడమైనది." మావారు దాన్ని రెండుసార్లు చదివి, హమ్మయ్య అని, కూర తరగమని వంకాయలు ముందు పెట్టారు.

రెండోది నాటక సమాజానికి. ట్రంకుపెట్టె ప్రదర్శనలో వియత్నాం పద్ధతిలో మాట వేరొకరు, ఆట వేరొకరు నిర్వహించుట సంస్థను మిక్కిలి ఆకర్షించినదట. అందువల్ల స్థాయిని మరింత పెంచుతూ, ఇకపై నాటకాలకు వేదికపై ప్రతినిధి ఉంటే సరిపోదు, ప్రధాన పాత్రధారి కూడా విదేశము నుండి విచ్చేసినవారై ఉండాలట. కింద ముదునూరి గారి సంతకం. సంతకం కింద, చేత్తో, చిన్న అక్షరాలతో, "నాటకం చాలా బాగుంది. ఈసారి కుర్చీలో కూర్చుని చూశాను" అని రాసి ఉంది.

సూరిబాబుగారు నెల తిరక్కుండా పాస్‌పోర్టుకి దరఖాస్తు పెట్టాడు. విచారణకి కానిస్టేబులు వచ్చిన రోజున సాక్షిగా నన్ను కూడా పిలిపించారు. ముగ్గురం ఆయన రేకుల షెడ్డులో కూర్చున్నాం. కానిస్టేబులు పేరు, వయసు, కేసులేమైనా ఉన్నాయా అన్నీ రాసుకున్నాడు.

"విదేశం ఎందుకెళ్తన్నారండి? పిల్లలున్నారా అక్కడ?"

"లేరండి."

"ఉద్యోగం ఈ వయసులో ఎవరిత్తారు? ఊళ్లు చూడ్డానికా?"

"ఆయ్, కాదండి" అన్నాడు సూరిబాబుగారు వినయంగా. "కొత్తరేవులో నాటకం ఆడుకోడానికండి."

కానిస్టేబులు ఏమాత్రం ఆశ్చర్యపోకుండా అలాగే రాసుకున్నాడు. "ఈ వారంలో మీది నాలుగోదండి. మిగతా ముగ్గురూ పుస్తకావిష్కరణలకి" అన్నాడు.